ఎడ్డెమంటే తెడ్డెమనే అక్కను సంఘంలోంచి తియ్యకండి

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని మహిళా పొదుపు సంఘాల లీడర్లకు, ఆ చిన్న సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘాల అధ్యక్షురాళ్లకు, సంఘాల లెక్కలు రాసే వీవోఏలకు నమస్కారం.

సంఘాల మీటింగులు నడిపించడం, మాట పట్టింపులతోని విడిపోయిన సభ్యులను మళ్లీ ఒక్క చాప మీద కూసోబెట్టడం మా పని. ఆ పనిలో తెలిసింది మీ ముందర పెట్టి, ఒక్కటి అడుగుదామని ఈ లేఖ రాస్తున్నం. ఏది చెప్పినా కాదనే సభ్యురాలు చాలా సంఘాల్లో ఒకామె ఉంటది. ఆమె నోరు తెరిస్తే గంటలో అయిపోవాల్సిన మీటింగు రెండు గంటలైతది, పొయ్యి మీద కూర పెట్టి వచ్చినోళ్లు లేచి పోతరు. ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు 'ఈమెతోని మా వల్ల కాదు' అని పేరు తీసేసే తీర్మానం రాస్తరు. ఆ తీర్మానం రాసేముందు జర ఆగండి.

పేరు తీసేస్తే ఆమె పొదుపు లెక్కగట్టి చేతిలో పెడ్తరు, నిజమే. పోయేది పొదుపు ఒక్కటే కాదు. సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు (లింకేజీ) గానీ, సంఘాల సభ్యులకు అప్పులిచ్చే స్త్రీనిధి పైసలు గానీ ఆమెకు సంఘం నుంచే అందాలె. ఇంకో సంఘంలో చేరుదామంటే 'ఆమెనా, వద్దు తల్లీ' అంటరు, ఎందుకంటే ఆ ముచ్చట అప్పటికే వాడకట్టంతా తిరిగి ఉంటది. ఇగ మిగిలేది ఎక్కువ వడ్డీల గిరిగిరి అప్పు. అంటే నోటి తీరుకు మనం వేసిన శిక్ష పోయి పిల్లల ఫీజు మీద, పత్తి విత్తనాల ఖర్చు మీద పడ్తది. అంత పెద్ద శిక్షకు తగ్గ తప్పు అందులో లేదు. పైగా ఈ తిప్పల్లో ఎక్కువ భాగం మనం అడిగే తీరు మార్చుకుంటేనే తగ్గిపోతది.

మొదలు చూడాల్సింది, ఆమె నిజంగా ప్రతిదానికీ అడ్డం మాట్లాడే మనిషేనా అని. ఈ ముద్ర ఎవరి మీద తొందరగా పడ్తదో గమనించండి. లెక్కలడిగినామె మీద పడ్తది. కొత్తగా చేరిన చిన్న కోడలి మీద, మొగడు లేని ఆడామె మీద, వాడకట్టు చిన్నచూపు చూసే కులం ఆమె మీద పడ్తది. అదే ప్రశ్న పెద్దింటామె అడిగితే 'మంచి మాట అడిగింది' అంటరు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దొర మనుషులకు దక్కనియ్యనని నిలబడ్డప్పుడు, దొర కండ్లకు ఆమె మొండిదే. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకునే నేల మనది. కాదన్న నోటిని మూయించుడు ఇక్కడ మనకు శోభియ్యదు.

అందుకని మూడు మీటింగుల దాకా ఊకె చూడండి. వీవోఏ గానీ, లీడర్ గానీ తన దగ్గరుండే నోటుబుక్కులో నాలుగు సంగతులు రాసుకుంటే సరిపోతది: ఆమె ఏ సంగతికి కాదన్నది, ఎవరు చెప్తే కాదన్నది, జవాబు చెప్పినంక ఏమన్నది, తానేం చెయ్యమన్నది. ఇది ఆమె వినేటట్టు చదివేది కాదు, మినిట్స్ బుక్కులో ఎక్కించేది అంతకన్నా కాదు. మనం చూసుకునేందుకే, గ్రామ సంఘం అడిగితే చూపెట్టేందుకే.

మూడు మీటింగులైనంక ఆ రాతలే సగం సంగతి చెప్తయి. పైసల దగ్గరనే కాదంటుంటే ఆమెకు లెక్క మీద అనుమానముంది. క్యాష్ బుక్కు తీసి చూపెట్టండి, ఇంకేం చెయ్యనవసరం లేదు. ఒక్కరు చెప్తేనే కాదంటుంటే అది ఆ ఇద్దరి నడుమ పాత సంగతి. పరీక్ష చాలా తేలిక, అదే మాటను మరో మీటింగులో మరో సభ్యురాలితో చెప్పించండి. చప్పుడు చెయ్యకుంటే గొడవ మాటతోని కాదు, చెప్పిన మనిషితోని. గట్టు పంచాయితీనో, పెండ్లిలో పిలవలేదన్న కోపమో వెనుక ఉంటది, దాన్ని సంఘం బయట తేల్చాలె. జవాబు దొరికినంక 'అట్లనా, సరే' అని ఊకుంటే ఆమె ప్రశ్నలడిగే మనిషి, అడ్డం మాట్లాడే మనిషి కాదు. అసొంటామెను పోగొట్టుకోవద్దు. చివరికి మిగిలేది అసలు రకం. ఎండ ఎక్కువుందన్నా కాదంటది, చాయ్ బాగుందన్నా కాదంటది, ఎవరు చెప్పినా కాదంటది, ఒకదానికి జవాబిస్తే ఇంకోటి ఎత్తుకుంటది, తానేం చెయ్యమంటదో మాత్రం చెప్పదు. ఇక నుంచి మేం రాసేది ముఖ్యంగా ఈమె గురించి. ఓపికతోని ఇట్ల రాసి చూసుకుంటే, ముద్ర పడ్డవాళ్లలో ఈ అసలు రకం తక్కువని మీకే తెలుస్తది.

ఆమె సంగతికొచ్చే ముందు ఇంకో ముఖ్యమైన మాట. 1950లలో అమెరికాలో సోలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేసిండు. కార్డు మీద గీతలు చూపెట్టి, ఏ గీత ఏ గీతంత పొడుగుందో చెప్పమన్నడు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేంత తేలిక. గదిలో ఒక్కరు తప్ప మిగతా అందరూ ఆయన ముందే మాట్లాడి పెట్టుకున్నవాళ్లు. వాళ్లంతా కావాలని తప్పు చెప్తే, ఆ ఒక్కరు కూడా దాదాపు మూడింట ఒకసారి కండ్లకు కనవడేది వదిలేసి గుంపు మాటే చెప్పిన్రు. గుంపులో ఇంకొక్కరు నిజం చెప్పగానే ఆ లొంగుబాటు నూటికి ఐదుకు పడిపోయింది. మన చాప మీద కూడా ఇదే నడుస్తది. తీర్మానానికి పది చేతులు లేస్తే పది మందికీ ఇష్టమని కాదు. ఎప్పుడూ కాదనే ఆమె ఒక్కతే నోరు తెరిస్తే, ఆ మూలకు కూసున్న మెత్తని ఆమెకు తన అనుమానం బయట పెట్టేందుకు ధైర్యమొస్తది. ఆమె చెప్పింది తప్పే అయినా సరే.

ఇక కారణం. కొందరు పుట్టుకతోనే గట్లుంటరని అనుకుంటం. చాలాసార్లు కాదనడానికి కారణం మనం అడిగిన తీరులోనే ఉంటది. 1966లో జాక్ బ్రెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని విడమరిచి రాసిండు: తన చేతిలో ఉందనుకున్న నిర్ణయాన్ని ఎవరో గుంజుకుంటున్నట్టు అనిపిస్తే, మనిషి దాన్ని తిరిగి దక్కించుకునేందుకు ఎదురు తిరుగుతడు. చెప్పిన మాట మంచిదా చెడ్డదా అన్నది అప్పుడు లెక్కలోకి రాదు. మేడారం జాతరకు పోయే ముచ్చటే చూడండి. నలుగురు కూడి ట్రాక్టర్ మాట్లాడి, వచ్చి 'బుధవారం పొద్దుగాల ట్రాక్టర్‌లో పోతున్నం, నువ్వు కూడా బెల్లం కొనుక్కో' అంటే ఆమె 'ట్రాక్టర్‌లో నడుములు ఇరుగుతయి, నేను రాను' అంటది. 'బస్సులో పోదామా, ట్రాక్టర్‌లో పోదామా, నువ్వేమంటవ్?' అని మూడు రోజుల ముందు అడిగి ఉంటే ట్రాక్టర్ కిరాయి ఆమెనే బేరం చేసేది. రెండింటికీ ఖర్చు ఒక్కటే, దారి ఒక్కటే. అడిగిన టైము, అడిగిన తీరు మాత్రమే మారినయి.

కొన్ని మాటలు ఈ ఎదురుతిరుగుడును చప్పున లేపుతయి. 'అందరూ ఒప్పుకున్నరు, నువ్వొక్కదానివే మిగిలినవ్' అనేది మొదటిది. 'ఇయ్యాలనే ఆఖరు తారీఖు, సంతకం పెట్టు' అనేది రెండోది. 'నీ మంచికే చెప్తున్నం' అన్నది మూడోది, ఇది మెత్తగా వినవడ్తది గని అన్నింట్లోకి ఎక్కువ గుచ్చుతది. తెలిసిన పని కనుక ముందే చెప్పొచ్చు, ఆఖరు తారీఖు దాకా దాచి పెట్టుకునేది మనమే.

లింకేజీ పైసలు పంచుకునే రోజు చాలా సంఘాల్లో లొల్లి అయితది కాబట్టి దాన్నే దగ్గరగా చూద్దాం. పది మంది సంఘం, ఐదు లక్షలు మంజూరైనయి అనుకోండి. మామూలుగా నడిచేది ఇది:

'ఐదు లక్షలొచ్చినయి. తలా యాభై వేలు పంచుదామని అనుకున్నం. అందరికీ సమ్మతమే గదా?'

'నాకు సమ్మతం లేదు.'

'నీకు ఏనాడు సమ్మతముండె?' (అందరూ నవ్వుతరు.)

'అయితే నేను సంతకమే పెట్ట. ఏం చేస్కుంటరో చేస్కోన్రి.'

నాలుగు మాటల్లో పని చెడింది. 'అనుకున్నం' అన్నప్పుడే తనను లెక్కలోకి తీసుకోలేదని ఆమెకు తెలిసిపోయింది. 'సమ్మతమే గదా' అన్నది అడుగుడు కాదు, ఒప్పించుడు. 'ఏనాడు' అనే మాట డబ్బుల సంగతిని పక్కకు నెట్టి ఆమె గుణాన్ని నడిమికి తెచ్చింది. నవ్వు వచ్చినంక ఆమె వెనక్కి తగ్గితే ఓడినట్టే, కాబట్టి తగ్గదు. ఆమె చెప్పబోయిన కారణమేందో మాత్రం ఎవరికీ తెలియలేదు.

ఇదే పని ముందు రోజు మాపటీలి, ఆమె ఇంటి ముందర, ఇద్దరే ఉన్నప్పుడు మొదలు పెట్టండి. బోరింగు కాడ వద్దు, కిరాణం కాడ వద్దు. వినేటోళ్లు ఉంటే ఆమె మీతోని మాట్లాడదు, వాళ్లకోసం మాట్లాడ్తది.

'వదినె, రేపు ఐదు లక్షల ముచ్చట ఉన్నది. ఏం అనుకోలే ఇంకా. సమానంగ పంచుకోవచ్చు, అవసరాన్ని బట్టి పంచుకోవచ్చు. నీకేది నయమనిపిస్తది?'

'సమానం ఏంది? బర్రెను కొనేటామెకు యాభై వేలు ఏడ సాల్తయి?'

'అంటే అవసరం తక్కువున్నోళ్లు తక్కువ తీసుకొని, ఎక్కువున్నోళ్లకు ఇయ్యాలంటవు.'

'గట్లెట్ల? ఎక్కువ తీసుకున్నామె కిస్తీ కట్టకపోతే ఎవరు కడ్తరు?'

'అది కూడా అడగాల్సిందే. కిస్తీ ఆగకుండ ఏం కట్టుబాటు పెట్టుకుందాం?'

ఇక్కడ ఏం జరిగిందో చూడండి. ఆమె మొదలు ఒకవైపు మాట్లాడింది. అదే మాట లీడర్ నోట వినవడంగనే దానికి కూడా అడ్డం తిరిగింది. అలవాటు అంటే ఇదే, ఎదుటి మనిషి నోట్లో ఏముంటే దానికి ఎదురు. లీడర్ ఏ పక్షమూ పట్టుకోలేదు కాబట్టి గొడవ పుట్టలేదు. పైగా పంచుడులో ఉన్న రెండు అసలు చిక్కులు, అవసరాల తేడా, కిస్తీల భయం, రెండూ ఆమె నోటి నుంచే వచ్చినయి. అవి రెండూ రాసుకొని, మర్నాడు మీటింగులో 'వదినె రెండు మాటలన్నది, రెండూ ఆలోచించాల్సినయే' అని ఆమె పేరుతోనే పెట్టండి. తన పేరుతోని వచ్చిన మాటను తానే పడగొట్టుడు చాలా తక్కువ.

మీటింగు నడుమ అనుకోకుండా అడ్డం వచ్చిందనుకోండి. అప్పుడు చెయ్యాల్సింది, చేసే వరుస మారకుండా చెప్తం. ఆమె మాట అయిపోనియ్యండి, అయిపోయినంక ఇంకో శ్వాస ఆగండి. ఆ రెండు క్షణాలు ఆగకపోతే మీ జవాబు ముందే తయారుగా ఉన్నట్టు తెలిసిపోతది. తర్వాత ఆమె అన్నది మీ మాటల్లో ఒక్క వాక్యంలో తిరిగి చెప్పండి, 'నువ్వనేది ఇదేనా' అని అడగండి. ఆమె 'అవు' అనేదాక ముందుకు పోవద్దు. అప్పుడు 'అయితే ఎట్ల చేద్దాం?' అని అడిగి ఊకుండండి. ఆమె చెప్పింది పుస్తకంలోకి ఎక్కించి, వరుసగా మిగతా వాళ్లను అడగండి.

ఇది చెడిపోయేది ఎక్కడంటే గొంతు దగ్గర. 'అయితే ఎట్ల చేద్దాం' అన్న మాటనే కొద్దిగ సాగదీస్తే 'నీకంత తెలిస్తే నువ్వే చెయ్యి' అన్నట్టు వినవడ్తది. తిరిగి చెప్పేటప్పుడు పక్కామె దిక్కు చూసి చెప్తే వెక్కిరించినట్టయితది. ఆమె దిక్కే చూడాలె. ఇంకోటి, 'ఎందుకు వద్దు?' అని అడగొద్దు. ఎందుకని అడిగితే ఏదో ఒక కారణం వెతికి చెప్పాలె, ఒక్కసారి పది మందిలో చెప్పినంక ఆ కారణాన్ని కాపాడుకోవాలె. 'ఇందులో నీకు ఏం తేడా కొడ్తుంది?' అంటే వెతుకులాట ఉండదు, ఉన్నదే చెప్తది.

ఆమెను ఒక పరిష్కారం చెప్పమని అడగమనడం మా సొంత తెలివి కాదు. తర్కం మీద పాత పుస్తకమైన గౌతముని న్యాయసూత్రాల్లో వాదులాటను మూడు రకాలు చేసి పెట్టిన్రు: నిజం తెలుసుకునేందుకు చేసేది వాదం, గెలిచేందుకు చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండ ఎదుటి పక్షాన్ని కొట్టేసేది వితండం. అడ్డం మాట్లాడే అలవాటుకు బలమంతా ఈ మూడోదాంట్లోనే ఉంటది, ఎందుకంటే తన పక్షం లేనప్పుడు దాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. 'ఎట్ల చేద్దాం' అన్న ప్రశ్న ఆమె చేతికి ఒక పక్షం ఇస్తది. పక్షం చేతికి వచ్చినంక మాట బరువు తెలుస్తది.

మరీ మొండికేసిన చోట పనికొచ్చే ప్రశ్న ఇంకోటుంది. తాగుడు మానిపించే పనిలో విలియం మిల్లర్ అనే ఆయన 1983లో రాసి పెట్టి, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తోని కలిసి పెంచిన మాట పద్ధతిలోనిది ఇది. 'ఈ పని చెయ్యాలని నీకు ఎంత అనిపిస్తుంది, పదిలో ఎంత?' అని అడగాలె. ఆమె 'మూడు' అంటది. మామూలుగా మన నోట్లోంచి వచ్చేది 'గంత తక్కువనా?' అని. అట్ల అంటే తక్కువకు కారణాలన్నీ ఏకరువు పెడ్తది. 'ఒకటి అనక మూడెందుకన్నవ్?' అని అడగండి. ఇప్పుడు జవాబు చెప్పాలంటే ఆ పనిలో ఉన్న మంచిని ఆమె నోటితోనే చెప్పాలె. మనం చెప్తే కాదనే మాటే తన నోట వస్తే కాదనలేదు. ఒకవేళ 'సున్నా' అంటే ఒత్తిడి చెయ్యకుండ 'ఏం మారితే రెండో మూడో అయితది?' అని అడిగి వదిలెయ్యండి. ఈ ప్రశ్నను ఒక సంగతికి ఒక్కసారే వాడాలె, నెలనెలా పదిలో ఎంత అని అడిగితే అది కూడా వెక్కిరింతే అయితది.

తేల్చగలిగిన సంగతుల మీద వాదులాట పెట్టుకోనే వద్దు. సద్దుల బతుకమ్మ ఏ రోజన్న లొల్లి తిథులు ఒకరోజు మీదికి ఒకరోజు జారినప్పుడల్లా వస్తది. ఎంగిలిపూల నాటి నుంచి వేళ్ల మీద లెక్కబెట్టి ఒకామె ఒకటంటది, అష్టమి తిథి ప్రకారం ఇంకామె ఇంకోటంటది. 'పంచాంగం చూసి, గుడి అయ్యగారిని అడిగి నువ్వే చెప్పు, నువ్వు చెప్పినంక అందరికీ కబురు పెడ్దాం' అని ఆ పని ఆమెకే అప్పజెప్పండి. చూసి వచ్చినంక ఆమె ముందన్నది తప్పని తేలితే, 'చూసినవా' అన్న ఒక్క మాట కూడా అనొద్దు. ఆ ఒక్క మాటతోని వచ్చేసారి ఆమె పోయి చూడదు, చూడకుండనే వాదిస్తది. ఇక 'ఏడింటికి వచ్చిన బస్సు' అంటే 'ఏడుంపావుకు' అని దిద్దే చిన్న చిన్నయి ఉంటయి. 'కావచ్చు' అని మీ మాట మీరు కొనసాగించండి.

ఎన్నిసార్లు చెప్పాలె అని చాలామంది అడుగుతరు. రెండుసార్లు. ఒకసారి సంగతి, రెండోసారి ఆమె అన్నదానికి జవాబు. మూడోసారి అదే మాట చెప్తే వినేది గొంతు పెరిగిందా లేదా అన్నదే. 'దీన్ని ఇక్కడ ఆపుదాం, రేపు మళ్లీ చూద్దాం' అని చెప్పి నిజంగనే రేపు చూడండి. చూడకపోతే ఆపుదామన్నది తప్పించుకునేందుకేనని ఆమెకు అర్థమైతది. వాట్సాప్ గ్రూపులో అయితే ఒక్కసారి కూడా వద్దు. అక్కడ గొంతు వినవడదు, చూసేటోళ్లు మాత్రం అందరూ ఉంటరు. ఫోన్ చెయ్యండి.

కొందరు తెలివిగా ఉల్టా మాట్లాడి పని చేయించుకుంటరు. ఆమెతోని సరే అనిపించేందుకు 'వద్దులే, నువ్వు రాకు' అంటరు. ఒకసారి నడుస్తది. తనను ఆడించిన్రని తెలిసిన రోజు మీ మీద నమ్మకం మొత్తం పోతది, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా అందులో మెలిక వెతుకుతది. మాకిది అసలు నచ్చని పద్ధతి, చెప్పేదాంట్లో గౌరవం లేదు. ఇంకొందరు 'ఆమెకే కాదనే డ్యూటీ ఇద్దాం, ప్రతి తీర్మానంలో లోపాలు చెప్పుడు ఆమె పని' అంటరు. వినడానికి బాగుంటది. చార్లన్ నెమెత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల్లో తేలిందేందంటే, నిజంగా నమ్మి కాదన్న మాట గుంపును ఆలోచింపజేసినంతగా, పాత్ర ఇచ్చి కాదనిపించిన మాట ఆలోచింపజెయ్యదు. పైగా అలవాటుకు కుర్చీ వేసి కూసోబెట్టినట్టయితది. దానికన్నా ప్రతి పెద్ద తీర్మానానికి ముందు పది నిమిషాలు పెట్టి, వరుసగా అందరూ ఒక్కో లోపం చెప్పాలని పెట్టుకోండి, లీడర్‌తో సహా. అందరూ కాదన్న చోట కాదనడం ఒక్కరి సొత్తు కాదు. ఆమె వంతు నడుమలో వచ్చేటట్టు చూడండి. మొదలు వస్తే మిగతావాళ్లు ఆమెకు జవాబులు చెప్పుడు మొదలు పెడ్తరు, ఆఖరుకు వస్తే అందరిదీ కొట్టేస్తది.

సంఘం ముచ్చట ఇంటిని దాటి ఉండదు కాబట్టి ఇండ్ల సంగతి కూడా. మీ దగ్గరికి సభ్యులు తెచ్చే మొరల్లో సగం 'మా అత్తమ్మ ఏది వండినా వంక పెడ్తది', 'మా బాపు మందులు వేసుకొమ్మంటే వేసుకోడు' అన్నవే. అత్తమ్మకు వంటలో పెత్తనం పోయింది, ఉన్న ఒక్క మాట వంక పెట్టుడే. 'అత్తమ్మా, ఇయ్యాల చారు చెయ్యాల్నా పప్పు చెయ్యాల్నా' అని పొయ్యి వెలిగించక ముందే అడిగితే కూసుండి చింతపండు తానే పిసుకుతది. అడిగి, ఆమె పప్పంటే మీరు చారు చెయ్యొద్దు మరి. బాపు సంగతీ అంతే. మందు వేసుకునుడా లేదా అన్నది అడిగేది కాదు. డాక్టర్ తిన్నంక వేసుకొమ్మన్నదైతే 'బాపూ, గోలి గోరువెచ్చని నీళ్లతోనా, చల్లటి నీళ్లతోనా? వాకిట్ల కూసుంటవా, లోపలనా?' అని, ఏది ఎంచుకున్నా నష్టం లేని వాటిలో ఎంపిక ఇయ్యాలె. రెండేండ్ల పిల్లలు ప్రతిదానికీ వద్దనడం పెరుగుదలలో భాగం, దాన్ని గుణమని అనుకోవద్దని తల్లులకు చెప్పండి. తాగి ఉన్న మనిషితోని మాత్రం ఈ పద్ధతులేవీ వద్దు, పొద్దుగాల దాకా ఆగుడే.

వయసు మీదపడ్డవాళ్ల విషయంలో ఒకటి మరిచిపోవద్దు. సగమే వినవడ్డ మాటకు 'అవు' అనేదాని కన్నా 'కాదు' అనుడు తేలిక. టీవీ చప్పుడు పెంచుడు, వెనుక నుంచి పిలిస్తే పలుకకపోవుడు, గుంపులో కస్సుమనుడు, ఇద్దరే ఉంటే నెమ్మదిగ ఉండుడు, ఇవి కనవడితే ముందు చెవుల డాక్టర్‌కు చూపెట్టండి. అంతవరకు ఎదురుగా కూసుండి, పెదవులు కనవడేటట్టు, మెల్లగ మాట్లాడితే కాదనుడు తగ్గుతదో లేదో మీకే తెలుస్తది. ఎన్నడూ అడ్డం మాట్లాడని మనిషి కొద్ది నెలల్లోనే మారిపోయి, ప్రతిదానికీ చిరాకు పడుతుంటే, నిద్ర పోకుంటే, చెప్పింది మరిచిపోతుంటే అది అలవాటు కాదు, జబ్బు కావచ్చు. 14416కు ఫోన్ చేస్తే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ వాళ్లు పైసలు తీసుకోకుండ మాట్లాడ్తరు, తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఈ నెంబర్ గ్రామ సంఘం ఆఫీసు గోడ మీద పెద్దగ రాసి పెట్టండి.

ఇవన్నీ చేసినా మారని ఆమె ఉంటది. అప్పుడు కూడా పేరు తీసుడు అవసరం లేదు. ఆమె మాటకు టైము చెప్పండి, అందరికీ ఇచ్చినంతే. ఎక్కువ మంది ఒప్పుకున్నది తీర్మానమైతది, ఆమె ఒప్పుకోలేదన్నది, ఏ కారణంతో అన్నది దాని కింద ఒక్క వాక్యంలో రాసి చదివి వినిపించండి. తన మాట పుస్తకంలో ఉందని తెలిసినంక చాలామంది ఊకుంటరు, ఎందుకంటే వాళ్లకు కావాల్సింది గెలుపు కాదు, లెక్కలో ఉండుడు. బ్యాంకు అగ్రిమెంటు సంతకం దగ్గర మాత్రం జాగ్రత్త. అప్పు సంఘం పేరు మీద, కట్టే బాధ్యత అందరి మీద. చదువురాని ఆమె 'పెట్ట' అంటే మొండితనమని తీసిపారెయ్యకండి. ఎంత అప్పు, ఎన్ని కిస్తీలు, నెలకెంత, ఒకరు కట్టకపోతే ఏమైతది, ఈ నాలుగూ అంకెలతోని నోటితో చెప్పండి. ఇంటికి పోయి కొడుకుతోనో బిడ్డతోనో చదివించుకొని రమ్మని కాగితం ఒక రోజు చేతికియ్యండి. వేలు పట్టి ముద్ర వేయించుడు, 'నీ వల్ల అందరి లోన్ ఆగింది' అని ఇంటి మీదికి పోవుడు చెయ్యొద్దు. చదవలేని కాగితం మీద సంతకం పెట్టాలంటే ఆమెకుండే భయం న్యాయమైన భయం.

మేం అడిగేది ఇది. ఇక ముందు ఏ చిన్న సంఘమైనా 'అడ్డం మాట్లాడ్తది' అన్న కారణంతోని సభ్యురాలి పేరు తీసెయ్యాలని వస్తే, గ్రామ సంఘం దాన్ని వెంటనే ఒప్పుకోవద్దు. మూడు మీటింగుల రాతలు చూపెట్టమనండి. లెక్కలు చూపెట్టిన్రా, ముందు రోజు ఇంటికి పోయి అడిగిన్రా, ఆమె మాట పుస్తకంలో ఉందా అని అడగండి. తర్వాత ఆ సభ్యురాలిని పిలిచి, లీడర్ లేకుండ, ఒక్కదాన్నే కూసోబెట్టి వినండి. కిస్తీలు ఎగ్గొట్టుడు, పైసలు వాడుకునుడు లాంటి కారణాలు వేరు, వాటి కట్టుబాట్లు మీకున్నయే. వచ్చే గ్రామ సంఘం మీటింగులో ఎజెండాలో దీనికి ఇరవై నిమిషాలు పెట్టండి. ఈ లేఖను చదవాలనుకుంటే లింకేజీ పైసల మాటలను ఇద్దరు సభ్యులతోని చదివించండి, మొదలు చెడిపోయిన తీరు, తర్వాత రెండోది. ఎవరినీ ఉద్దేశించి అన్నట్టు కాకుండ, మీ సంఘంలో అడ్డం మాట్లాడ్తదని పేరున్న ఆమెకు ఏ పాత్రా ఇయ్యకండి, ఆమె దిక్కు చూడకండి కూడా.

ఇట్లు,
సంఘాల మీటింగులు నడిపించే పనిలో ఉన్న కొందరం,
హనుమకొండ